చెయ్యి పట్టుకుని నేర్పినందుకు

గోడ ఏడు 31, భాద్రపద బహుళ తదియ

ముందు పదకొండేళ్ల నాటి మాట రాస్తాను. ఈ పుస్తకంలో మీరు అడిగినవి ఆ తరవాత.

పదకొండేళ్ల కిందట సముద్రపు గోడ శిక్షణ బడి వాళ్లు నన్ను పిలిచారు. ఈ గోడకి మొదటి పలక నిలబెట్టిన నాటి నుంచి సుత్తి పట్టినవాడు కొప్పాడి బైరాగి అనీ, పలక వెనక మట్టి జారి ఎక్కడ గుల్లబడిందో తట్టి చెప్పేవాడనీ ఎవరో చెప్పి ఉంటారు. నలభై రోజులు నా రెండు చేతులకీ పట్టీలు అంటించారు. నేను తట్టాను, వాళ్లు ఆ తట్టడాన్ని పట్టుకున్నారు. చివరి రోజున ఒక శాలువా కప్పి పంపారు. మర్నాటి నుంచి నా చెయ్యి వాళ్లదైపోయింది. దానికి 'ప్రామాణిక హస్తం' అని పేరు పెట్టి, బడి గుమ్మం మీద బొమ్మ వేయించారు. నా చిటికెన వేలికి సగం గోరు లేదు. పలక జారి మీద పడినప్పుడు పోయింది. బొమ్మలో ఆ గోరు మొలిపించారు. గోరుకి చోటు దొరికింది గాని, కింద నా పేరు రాయడానికి దొరకలేదు.

ఈరోజు పొద్దున పరీక్ష బల్ల దగ్గర కూర్చోబెట్టి నా చేతికి తొడుగు తొడిగారు. నా చెయ్యి ప్రామాణిక హస్తాన్ని నూటికి అరవై ఒక్క పాళ్లు పోలిందట. నా చేతిని నాతోనే కొలిచి నన్ను ఫెయిలు చేశారు. ప్రిన్సిపాలు ప్రద్యుమ్న గారు ముప్పై అయిదేళ్ల మనిషి, మర్యాద తెలిసినవాడు.

"బాధపడకండి బైరాగి గారూ. వయసు వచ్చాక ఎవరికైనా తగ్గుతుంది" అన్నాడు.

"ఏది తగ్గిందండీ? మీ బొమ్మకి గుల్ల తెలుత్తాదేంటి?" అన్నాను.

ఆయన నవ్వి ఈ పుస్తకం నా చేతిలో పెట్టాడు. స్వయం పరిశీలన పుస్తకం. నేర్చుకునేవాళ్లూ నేర్పేవాళ్లూ కూడా తమని తాము గమనించుకుని రాయాలట. ఈరోజు మీ ఏకాగ్రత పదికి ఎంత? మీ మనస్థితి పదికి ఎంత? నేను రెండో తరగతి చదివాను. మిగతా అక్షరాలు పలకల మీద రాతలు చూసి నేర్చుకున్నాను. నిండా అరవై తొమ్మిదేళ్లు వచ్చాక నన్ను నేను గమనించుకోవాలని ఒక పుస్తకం చెప్పింది. సరే, రాస్తున్నాను.

మనస్థితి: కోపం. పదికి పదకొండు.

భాద్రపద బహుళ పంచమి

ఎనిమిదో బ్యాచి మొదలైంది. పన్నెండు మంది. అందరికీ మణికట్టు మీద పట్టీ అంటించారు. ఉల్లిపొర కంటే పలచగా ఉంటుంది. నాడి, చెమట, చెయ్యి కదలిక, అన్నీ దాచుకుంటుంది. వారానికోసారి పట్టీల గదిలో శాంభవి అనే అమ్మాయి దాన్ని ఊడదీసి యంత్రం మీద పరిచి చదువుతుంది. అప్పుడు మార్కులు వస్తాయి.

పని ఇది. ఎడమ అరచెయ్యి పలకకి ఆనించాలి. కుడిచేత్తో తుమ్మకొయ్య సుత్తితో ఒక్క దెబ్బ. తరవాత ఆగాలి. అవతల కెరటం వచ్చి గోడకి తగిలేదాకా ఆగాలి. పలక వెనక మట్టి గట్టిగా ఉంటే అరచేతికి ఏమీ తెలియదు. గుల్ల ఉంటే కెరటం తగిలినప్పుడు లోపల చిన్న గుటక వేసినట్టు ఉంటుంది. ఆ ఆగడమే పని. దెబ్బ కొట్టడం ఎవడైనా కొడతాడు.

పట్టీకి ఆగడం అంటే గిట్టదు. నాలుగు ఊపిర్ల సేపు చెయ్యి కదలకపోతే పరధ్యానం అని లెక్కేసి జిర్రుమంటుంది. జిర్రుమన్న ప్రతిసారీ మార్కు పోతుంది.

ఇమ్మానియేలు అని ఒకడున్నాడు. నలభై ఏళ్లవాడు, పడవ ఇంజన్లు బాగుచేసే పని వదిలేసి వచ్చాడు. పలక తరవాత పలక టకటకా కొట్టుకుంటూ పోతున్నాడు.

"ఏరా, గోడ మీద డప్పు కొడతన్నావా?" అన్నాను.

"గోడనెవడు కొడతన్నాడు బాబాయ్. పట్టీని మేపుతున్నాను. ఆగితే ఆకలని అరుత్తాది" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, మింగేశాను. వాడి పక్కన పంతాడి మరిడమ్మ నిలబడి ఉంది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఒక్క దెబ్బ కొట్టి అరచెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది. పట్టీ జిర్రుమంది. కదల్లేదు. మళ్లీ జిర్రుమంది.

"తియ్యవే చెయ్యి, మార్కులు పోతన్నాయి" అని ఇమ్మానియేలు అరిచాడు.

"ఉండన్నయ్యా, కెరటం ఇంకా రాలేదు" అంది.

ఈ బడి పెట్టాక ఆ మాట అన్న మొదటి మనిషి.

భాద్రపద బహుళ అష్టమి

నోటితో చెప్పే విద్య కాదిది. నాకు నేర్పినాయన పాత కరకట్ట మీద కాపలా తిరిగినవాడు, మాట్లాడేవాడే కాదు. నా ఎడమచెయ్యి మట్టికి ఆనించి, పైన తన చెయ్యి వేసి, నా మణికట్టు చుట్టూ వేళ్లు బిగించేవాడు. గుటక తెలిసినప్పుడు బొటనవేలితో నొక్కేవాడు. ఆరు నెలలు అలా నొక్కాక ఒకరోజు ఆయన నొక్కేలోపే నాకు తెలిసింది. అదే నా సర్టిఫికెట్టు.

నేనూ అలాగే నేర్పుతాను. పదకొండు మంది రెండో రోజుకే చెయ్యి లాక్కున్నారు. నా చేతి కింద ఆగి నిలబడితే పట్టీ జిర్రుమంటోంది, మార్కులు పోతున్నాయి. మరిడమ్మ ఒక్కతే లాక్కోలేదు. పొద్దున రెండో గంట నుంచి మూడో గంట దాకా ఆమె మణికట్టు నా చేతిలోనే ఉంటోంది.

ప్రద్యుమ్న గారు పిలిచి కాగితం చదివి వినిపించాడు. శిక్షణార్థి పట్టీ మీద ఇతరుల చెయ్యి తగలరాదు.

"ఎందుకండీ?"

"కొలత చెడుతుంది. వాళ్లంతట వాళ్లు గమనించుకుని దిద్దుకోవాలి. అదే కదా మన పద్ధతి."

"మీకు ఓనమాలు దిద్దించినాయన మీ చెయ్యి పట్టుకున్నాడా, దూరంగా నిలబడి మీ నాడి చూశాడా?"

"మీకు చెప్పానని ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు.

పెట్టాను. బయటికి వచ్చి మరిడమ్మ చెయ్యి పట్టుకున్నాను. చెప్పింది విన్నాను, అర్థమైంది, అయినా చేశాను.

భాద్రపద బహుళ దశమి

నేర్పేవాళ్లకీ ఒక్కో పట్టీ ఇస్తారు. నాది నా భార్య భూలచ్చి చేతికి ఉంది. ఏడాదిగా ఆమె చేతికే ఉంటోంది. ఈ సంగతి ఇక్కడ రాయడానికి నాకు భయం లేదు. ఈ పుస్తకాలు ఎవరూ తెరవరట, ఏడాది చివర ఎన్ని వచ్చాయో లెక్క చూసి బీరువాలో పెడతారట. శాంభవి చెప్పింది.

మొదటి రోజు భూలచ్చి అడిగింది. "నీకిచ్చింది నా చేతికెందుకయ్యా?"

"నాకు దురద పెడతాది."

"నాకు పెట్టదా?"

"నీది గట్టి చర్మం."

"ఔను. నలభై రెండేళ్లు నీతో ఏగిన చర్మం" అంది.

ఈ వారం నా చీటీ వచ్చింది. 'సుత్తి లయ అద్భుతం. నాడి నిలకడగా ఉంది. ఓర్పు పెరుగుతోంది.' ఆ లయ భూలచ్చి రోట్లో గోంగూర పచ్చడి నూరిన లయ. ఓర్పు కూడా ఆమెదే. ప్రద్యుమ్న గారు ఆ చీటీని అందరి ముందూ చదివి, ఈ వయసులో బైరాగి గారిని చూసి నేర్చుకోండి అన్నాడు. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను.

భాద్రపద బహుళ త్రయోదశి

మొన్న ఏకాదశి రోజున పన్ను పీకించుకోవడానికి వెళ్లాను. బడికి రాలేదు. నిన్న వచ్చేసరికి మరిడమ్మ 340వ పలక దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"బాబాయ్, నిన్న నువ్వు లేవు. నాకిక్కడ ఏదో మింగినట్టైంది. నిజమో, నా బుర్రలో పుట్టిందో నువ్వు చెప్పాలి."

ఆ పలక మీద ఆ పూటే ఏడుగురు సుత్తులు వేసి 'గట్టి' అని రాసి వెళ్లారు. ఒకడికి తొంభై నాలుగు మార్కులు. నేను అరచెయ్యి పెట్టాను. ఒక కెరటం పోయింది. రెండోది తగిలింది. లోపల గుటక. పిడికిలంత గుల్ల, నడుము ఎత్తున.

నేను నొక్కకుండా, నేను పక్కన లేకుండా, ఆమె పట్టుకుంది. నాకు ఆరు నెలలు పట్టింది. ఆమెకి ఏడు రోజులు.

"నీ పేరు మీదే నమోదు చెయ్యి" అన్నాను.

రాసింది. మరమ్మతుకి ముఠా వస్తుందని జవాబు వచ్చింది.

మరిడమ్మ ఎందుకు ఇంత పట్టుగా ఉందో కూడా రాయాలి. ఆమె, ఆమె తల్లి కాంతమ్మ గోడ బయటి గట్టు మీద రేకుల పాకలో ఉంటారు. కార్తీక పౌర్ణమి పోటుకి ఆ గట్టు నీళ్ల కింద ఉంటుంది. దానికి ముందు వచ్చే శుద్ధ ఏకాదశి పొద్దున గోడ గేటు మూస్తారు. సుత్తి లైసెన్సు ఉన్నవాళ్లు కుటుంబంతో లోపల ఉంటారు. లేనివాళ్లని పడవలెక్కించి ఉత్తరపు శిబిరాలకి పంపుతారు. అక్కడి నుంచి తిరిగి వచ్చినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ ముసలమ్మకి మోకాళ్లు వంగవు. పడవలో రెండు రోజుల ప్రయాణం ఆమె తట్టుకోలేదు.

ఆశ్వయుజ శుద్ధ విదియ

గుమ్మంలో జాబితా అంటించారు. పన్నెండో పేరు ఎదురుగా ఎర్రగీత. 'పంతాడి మరిడమ్మ. శ్రమ వేళ గుండె లయ అసమానం. గోడపనికి అనర్హురాలు. ఈమె చేసిన నమోదులు చెల్లవు.'

మరిడమ్మ ఆ కాగితం నాలుగుసార్లు చదివింది. తరవాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, సుత్తి దెబ్బ తరవాత ఆగినట్టు, ఆగి చూసుకుంది.

"నాకేం తెలట్లేదు బాబాయ్. నీకేమన్నా తెలిసిందా, రోజూ పట్టుకున్నావుగా?"

నాకు తెలియలేదన్నాను. ప్రద్యుమ్న గారి గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టలేదు.

"డాక్టరు చేత చూపించండి ఆమెని."

"డాక్టరు అరగంట చూస్తాడు బైరాగి గారూ. పట్టీ పన్నెండు రోజులు చూసింది. ఇద్దరికీ తేడా వస్తే పట్టీ మాటే చెల్లాలని బోర్డు నియమం."

"నలభై మెట్లు మూట నెత్తిన పెట్టుకుని ఎక్కే మనిషండీ అది."

"అదే ప్రమాదం. ఏదో ఒకరోజు గోడ మీద కూలిపోతుంది. అప్పుడు నన్నే అంటారు."

"సరే. మూడువందల నలభై సంగతేంటి?"

ఆయన యంత్రం చూసి చెప్పాడు. "ఆమె నమోదు చెల్లదు కాబట్టి ఆ పలక మళ్లీ గట్టి కిందికి వచ్చింది. మరమ్మతు రద్దయింది."

"అది గుల్ల. నేను చెయ్యి పెట్టి చెప్తన్నాను."

"నమోదు చెయ్యాలంటే పోలిక డెబ్బై దాటాలి. మీది అరవై ఒకటి" అన్నాడు. కళ్లు దించుకునే అన్నాడు, ఆ మాత్రం సిగ్గుంది.

మనిషి పేరు కొట్టేశారు, దాంతోపాటు గుల్లనీ కొట్టేశారు. ఇంత తొందరగా గుల్ల పూడ్చడం ముప్పై ఒక్క ఏళ్లలో ఎక్కడా చూడలేదు.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

పట్టీ అబద్ధం చెప్పిందని రుజువు చెయ్యడానికి ఈరోజు పట్టీల గదికి వెళ్లాను. మరిడమ్మని లోపలికి రానివ్వలేదు. అనర్హులకి గుమ్మం బయటే. మెట్ల మీద కూర్చుంది.

శాంభవి మంచి పిల్ల, నోరు కొంచెం జోరు. "తాతగారూ, మీరు గొడవ చెయ్యనంటేనే చూపిస్తాను" అని గీతల కాగితం పరిచింది. మరిడమ్మ గుండె. దండ గుచ్చినట్టు ఒకే దూరంలో పొందిగ్గా ఉన్నాయి గీతలు. తెల్లారుజాము, వంట, నీళ్లు మొయ్యడం, బడికి నడక, అంతా పొందిగ్గానే ఉంది. రెండో గంట దగ్గర చెదిరింది. ఒకటి కొట్టుకుని, ఒకటి మానేసి, రెండు తొందరగా కొట్టుకుని, మళ్లీ మానేసి. మూడో గంట దాకా అంతే. ఆ తరవాత మళ్లీ దండ.

"చూశారా? గోడ దగ్గరికి రాగానే వస్తోంది. అందుకే శ్రమ వేళ అని రాశారు" అంది.

"రోజూ ఇంతేనా?"

వేలితో ఒక్కొక్క రోజూ చూపిస్తూ పోయింది. పంచమి, షష్ఠి, సప్తమి, అన్నీ అంతే. ఒకచోట వేలు ఆగింది.

"ఏకాదశి రోజున లేదే" అంది. "ఆ రోజు గోడ దగ్గరికి రాలేదా?"

"వచ్చింది. ఆ రోజే గుల్ల పట్టుకుంది."

"మరి ఎందుకు లేదు? ఆ రోజు ఏం తేడా?"

ఆ పిల్ల నన్నే అడుగుతూ నా వైపు తిరిగింది. ఏకాదశి నాడు పన్ను పీకించుకున్న నా బుగ్గ ఇంకా వాచి ఉంది. దాన్ని చూసింది. ఆ తరవాత నా చేతిని చూసింది.

"తాతగారూ" అని మెల్లిగా అంది, "ఈ పట్టీకి లోపల వైపు, పై వైపు అని ఉండదు. ఏ వైపు చర్మం గట్టిగా నొక్కితే ఆ వైపే వింటుంది."

నేను లేచాను. మెట్ల మీద మరిడమ్మ "ఏమన్నారు బాబాయ్?" అంది. ఆమెని దాటుకుని వెళ్లిపోయాను. నా బతుకులో ఎవరినీ అలా దాటుకుని వెళ్లలేదు.

ఆశ్వయుజ శుద్ధ నవమి

నాలుగు రోజులు రాయలేదు.

భూలచ్చికి చెప్పాను. పచ్చడి నూరుతూనే వింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మెట్లెక్కి గుమ్మంలో ఆగి, చెప్పులో ఇసక దులుపుకుంటున్నట్టు నిలబడతావు. మన గుమ్మంలో అంత ఇసక ఎక్కడిదయ్యా? ఏడాదిగా చూత్తన్నాను."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పాలి, నీకా?" అంది. తన మణికట్టు మీది నా పట్టీ పీకి బల్ల మీద పెట్టింది. "ఇంక నా గుండెని నీ పేరున పంపకు. నీది నువ్వు మొయ్యి."

పొద్దున శాంభవి దగ్గరికి వెళ్లి కొత్త పట్టీ అంటించుకున్నాను. గోడ మీద ఒక పూట పనిచేశాను. తీసుకెళ్లి ఇచ్చాను. నా గీతలు ఒక పలచటి కాగితం మీద, మరిడమ్మ రెండో గంట గీతలు ఇంకోదాని మీద తీసి, ఒకదాని వెనక ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. తప్పిన చోట తప్పినట్టే తప్పుతున్నాయి. చూడ్డానికి ఒకరి దస్తూరీలా ఉంది.

"మీరు కూర్చోండి తాతగారూ, నీళ్లు తెస్తాను."

"నిలబడే చూత్తాను" అన్నాను.

బడిలో పదకొండు మంది చెయ్యి లాక్కుని పాసయ్యారు. లాక్కోని ఒక్కరి చీటీలోకి నా రోగం ఎక్కింది.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

బయటి గట్టుకి వెళ్లాను. మరిడమ్మ పాక ముందు మూటలు కడుతోంది. నిలబడి అంతా చెప్పాను. పట్టీ మీద చెయ్యి వెయ్యొద్దని నాతో సంతకం పెట్టించుకున్నారని కూడా చెప్పాను.

తాడుకి ఇంకో ముడి వేసి బిగించింది. తరవాత అంది.

"నీ గుండె తెచ్చి నా చీటీలో పెట్టావా బాబాయ్."

"ఔను."

"వద్దన్నా పెట్టావు."

"ఔను. తప్పు నాది."

"అందరూ చెయ్యి లాక్కున్నారు. నేను లాక్కోలేదు. దానికా ఇది?"

"లాక్కోవలసింది" అన్నాను.

తాడు విసిరికొట్టింది. "లాక్కుంటే గుటక తెలిసేదా నాకు? ఎర్రిమాటలు మాటాడకు."

లోపల నుంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఎవరే మరిడీ?"

"నా గుండె వచ్చింది అమ్మా, చూద్దువుగాని."

"ఎవరైతే ఏంటి, కూకోమను. మజ్జిగుంది."

మజ్జిగ తాగాను. గ్లాసు తీసుకుంటూ మరిడమ్మ అడిగింది. "మందేసుకుంటన్నావా?"

"ఇంకా లేదు."

"ఏసుకో. నువ్వు పోతే నా తరఫున సాక్ష్యం ఎవడు చెప్తాడు?"

ఆ మాటలో జాలి ఒక్క చుక్క లేదు. అందుకే రేపే మందు తెచ్చుకుందామనుకుంటున్నాను.

ఆశ్వయుజ పౌర్ణమి

ఈరోజు పెద్ద పోటు. 340 దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టాను. పిడికిలంత ఉన్నది బిందెంత అయింది. ఇమ్మానియేలు లైసెన్సు మెడలో వేసుకుని అటే వెళ్తున్నాడు. వాడు ఈ పలకని గట్టి అని రాసిన ఏడుగురిలో ఒకడు. పిలిచాను.

"చెయ్యి ఇలాగివ్వు."

"పట్టీ ఉంది బాబాయ్."

"పీకి జేబులో పెట్టుకో."

నా మొహం చూసి పీకాడు. వాడి అరచెయ్యి పలకకి ఆనించి మణికట్టు పట్టుకున్నాను. ఒక కెరటం, రెండు కెరటాలు. మూడోదానికి నేను నొక్కాను. వాడు చెయ్యి కాలినట్టు తీసేసి, మళ్లీ తనంతట తనే పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఇది మింగుతోంది బాబాయ్" అన్నాడు.

"ఎన్నాళ్లబట్టి చెప్తన్నాను."

"నేను గట్టి అని రాశాను. మా పిల్లలు ఈ పలక వెనక ఇంట్లోనే పడుకుంటారు" అన్నాడు. ఆ తరవాత వాడు జోకులు వెయ్యలేదు.

ఆశ్వయుజ బహుళ తదియ

రెండు కాగితాలూ తీసుకుని ప్రద్యుమ్న గారి దగ్గరికి వెళ్లాను. కిటికీకి పట్టి చూపించాను. ఆయన తెలివైనవాడు, ఒక్క చూపుకే అర్థమైంది. మొహం పాలిపోయింది.

"మరి ఏడాదిగా మీ పట్టీలో ఉన్నది ఎవరు?"

"మా ఇంటిది."

"ఆ లయ?"

"గోంగూర."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పోయిన నెలే బోర్డు వాళ్లకి నా చీటీలు నమూనాగా పంపాడట. అరవై తొమ్మిదేళ్ల వయసులో స్వయం పరిశీలనతో కోపం తగ్గించుకున్న శిక్షకుడు అని.

"బైరాగి గారూ, ఇది బయటికి వస్తే మీ పని పోతుంది. నాదీ పోవచ్చు. ఒక మాట వినండి. ఈ నెలాఖరుకి మీరు గౌరవంగా దిగిపోండి, సన్మానం చేస్తాను. వచ్చే ఏడు బ్యాచిలో మరిడమ్మ పేరు మొదట నేనే వేస్తాను."

"వచ్చే ఏటికి ఆమె ఎక్కడుంటాదండీ?"

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి కాగితాలు మళ్లీ వెలుతురుకి పట్టాడు.

"బోర్డుకి రాత్తే ఎప్పుడు జవాబిత్తారు?"

"మామూలుగా ఏడు నెలలు."

"పోటుకి చెప్పండి ఏడు నెలలు ఆగమని."

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టి అన్నాడు. "మీరే రాయండి. స్వయం పరిశీలన పుస్తకంలో శిక్షకుడు తన తప్పు తాను రాసుకుంటే బోర్డు దాన్ని చదివి తీరాలని ఒక నియమం ఉంది. ఇంతవరకూ ఎవరూ వాడలేదు. నేను ఆపను. పైకి పంపిస్తాను." అంటూ తన ముద్ర తీసి బల్ల మీద నా వైపు జరిపాడు. ఆ కుర్రాడి గురించి ఇదివరకు నేను అనుకున్నవాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అలాగే ఉంచుతున్నాను.

ఆశ్వయుజ బహుళ దశమి

గోడ బోర్డు వారికి కొప్పాడి బైరాగి రాసేది.

పైన రాసినవన్నీ నిజం. చదవకుండా బీరువాలో పెట్టడానికి వీల్లేదు, ప్రద్యుమ్న గారి ముద్ర పడింది. వద్దన్న పని చేసింది నేను. నా పట్టీ నా భార్యకి తొడిగింది నేను. పంతాడి మరిడమ్మ చీటీలో తప్పుతున్న గుండె నాది. రెండు కాగితాలూ జతచేశాను, వెలుతురుకి పట్టి చూడండి. అనర్హుడని ఎవరినైనా రాయాలంటే నన్ను రాయండి. నాకు సన్మానం వద్దు. నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగనక్కర్లేదు, మందు వేసుకుంటున్నాను.

నా తప్పు నేను రాశాను. ఇప్పుడు మీ తప్పు వినండి. చెయ్యి ఆగితే పరధ్యానం అని మీ పట్టీకి ఎవరు చెప్పారు? ఈ గోడ మీద ఒక్క పూట నిలబడ్డవాడెవడూ ఆ మాట చెప్పడు. మీరు ముప్పై ఒక్క ఏళ్లుగా గోడ వెనక పొడిగా పడుకుంటున్నది ఆగి చూసినవాళ్ల పుణ్యం. ఇప్పుడు ఆగినవాళ్లని కొట్టేసి, కదిలేవాళ్లకి లైసెన్సులు ఇస్తున్నారు. పదకొండు మందికి ఇచ్చారు. వాళ్లలో గుటక తెలిసినవాడు నిన్న మొన్నటిదాకా ఒక్కడూ లేడు. ఇప్పుడు ఒకడున్నాడు, కింద సంతకం చేశాడు. మిగతా పదిమందినీ అడిగాను. లైసెన్సు పోతుందని భయపడ్డారు. వాళ్లనేమీ అనను. వాళ్లకి ఆ భయం నేర్పింది మీరు.

నాకు కావలసినవి ఇవి. మరిడమ్మ పేరు మీది ఎర్రగీత తియ్యండి. నమ్మకం లేకపోతే మీ డాక్టర్ని పంపండి, ఆమె మణికట్టు మీద ఎవరి చెయ్యీ లేకుండా పట్టీ వేసి ఒక పూట చూసుకోండి. ఆమె నమోదు మళ్లీ చెల్లేలా చేసి 340కి మరమ్మతు ముఠాని పంపండి. అది బిందె దాటి గంగాళం కాబోతోంది.

కార్తీక శుద్ధ ఏకాదశి పొద్దున గేటు మూస్తారు. కాబట్టి దశమి నాడు పొద్దు గుంకేలోపు నాకు జవాబు రావాలి. ఏడు నెలలు కాదు, పదిహేను రోజులు. రాకపోతే ఏకాదశి తెల్లారేసరికి నేనూ మరిడమ్మా ఆ పలకకి అరచేతులు ఆనించి నిలబడి ఉంటాం. కాంతమ్మని మంచంతో సహా మా పక్కనే దింపుతాం. మంచానికి ఒక కోడు ఇమ్మానియేలు పట్టుకుంటానన్నాడు. పడవ ఎక్కించడానికి వచ్చే మీ మనుషులు ముందు ఆ పలక మీద చెయ్యి పెట్టి, రెండు కెరటాలు పోయేదాకా ఆగి, ఆ తరవాత మమ్మల్ని లాగవచ్చు.

ఔననో కాదనో రాయండి. దశమి, పొద్దు గుంకేలోపు.

కొప్పాడి బైరాగి
సాక్షి: ఇమ్మానియేలు